బ్యాటింగ్ యావరేజ్ చాటున

2002 మే 21. ఫిలడెల్ఫియాలో బేస్‌బాల్ మ్యాచ్ మొదలయ్యే ముందు న్యూయార్క్ మెట్స్ క్యాచర్ మైక్ పియాజా విలేకరుల ముందుకొచ్చి, తాను గే కాదని, ఆడవాళ్లతోనే డేటింగ్ చేస్తానని, ఈ సంగతి ఇంతటితో సరి అని చెప్పాడు. అప్పటికి తొమ్మిదేళ్లుగా వరసగా ఆల్‌స్టార్ జట్టులో ఉన్నవాడు. క్యాచర్లలో అంత గట్టిగా కొట్టేవాడు ఇంకొకడు లేడని పేరున్నవాడు. అలాంటివాడు తన సొంత సంగతి మైకుల ముందు విప్పుకోవాల్సి వచ్చిందంటే కారణం న్యూయార్క్ పోస్ట్‌లో వచ్చిన ఓ గాసిప్ ముక్క. అందులో పియాజా పేరు కూడా లేదు. మెట్స్‌లో ఓ స్టార్ గే అని ఊళ్లో గుసగుసలాడుకుంటున్నారని మాత్రమే ఉంది. దానికి తోడు జట్టు మేనేజర్ బాబీ వాలెంటైన్ ఓ పత్రిక ఇంటర్వ్యూలో, గేనని బాహాటంగా చెప్పుకునే ఆటగాడు వస్తే బేస్‌బాల్ బహుశా సిద్ధంగానే ఉంది అన్నాడు. జనం రెండూ కలిపి లెక్కలు కట్టేశారు.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. అదే రోజు పియాజా, జట్టులో గే ఉన్నా తోటివాళ్లు ఒప్పుకుంటారనే అన్నాడు. అంత సులువుగా ఒప్పుకునే చోట అంత హడావిడిగా ఖండన ఎందుకు? పియాజాని తప్పు పట్టడం లేదు. ఆ రోజు అతని స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్లు. కానీ ఆ ఖండన చూస్తే వాలెంటైన్ మాటకి జవాబు దొరికిపోతుంది.

నేను అమెరికా వచ్చాక ఓక్లండ్ ఏస్ మ్యాచ్‌లకి వెళ్లి బేస్‌బాల్ నేర్చుకున్నాను. చవగ్గా టికెట్లు దొరికేవి, కొలీజియంలో సగం సీట్లు ఖాళీగా ఉండేవి, పక్కన కూర్చున్న ముసలాయన అడక్కుండానే రూల్స్ చెప్పేవాడు. క్రికెట్ చూసి పెరిగినవాడికి ఈ ఆట అలవాటు కావడానికి ఎంతో కాలం పట్టదు. మా తెలుగు మిత్రుల కూడికల్లో మాటల మధ్య ఈ విషయం వస్తే మాత్రం ఒకే వాక్యం వింటూ ఉంటాను: "నూటయాభై ఏళ్ల ఆట, ఇరవై వేల మందికి పైగా మేజర్ లీగ్‌లో ఆడారు, ఒక్కడైనా బయటికొచ్చి చెప్పాడా? ఎవరికీ ధైర్యం లేదు, లేదంటే అసలు అలాంటివాళ్లే లేరు."

రెండూ తప్పే. చెప్పినవాడున్నాడు. ఆడుతున్నప్పుడే, దాదాపు యాభై ఏళ్ల క్రితమే. విన్నవాళ్లు ఏం చేశారన్నదే అసలు చరిత్ర. క్లబ్బులు ఎవరినీ గే అని తీసేయలేదు, తీసేయాల్సిన పని కూడా పడలేదు. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ యావరేజ్ అని ఒకటుంది, బ్యాటర్ దిగినన్నిసార్లలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్న లెక్క. దాని చాటున ఏ నిర్ణయమైనా దాచేయొచ్చు.

ఆ చెప్పినవాడి పేరు గ్లెన్ బర్క్. 1952లో ఓక్లండ్‌లో పుట్టాడు. బర్క్‌లీ హైస్కూల్లో బాస్కెట్‌బాల్ హీరో. 1972లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తీసుకున్నారు. కింది మెట్లైన మైనర్ లీగుల్లో .300 పైన కొట్టాడు, గాలిలా పరిగెత్తేవాడు, సెంటర్ ఫీల్డ్‌లో బంతి ఎక్కడ పడినా అక్కడ ఉండేవాడు. డాడ్జర్స్ కోచ్ జిమ్ గిలియం అతన్ని విల్లీ మేస్‌తో పోల్చాడు. బేస్‌బాల్‌లో అది చిన్న మాట కాదు. లాకర్ రూమ్‌లో పాటలు పెట్టేది, డ్యాన్సులు చేసేది, అందరినీ ఆటపట్టించేది అతనే.

1977 అక్టోబర్ 2. డాడ్జర్ స్టేడియంలో రెగ్యులర్ సీజన్ చివరి మ్యాచ్. డస్టీ బేకర్ ఖాతాలో 29 హోమ్ రన్‌లున్నాయి. ఇంకొక్కటి కొడితే ఒకే జట్టులో నలుగురు 30 దాటినట్టవుతుంది, అప్పటిదాకా ఏ జట్టుకీ లేని రికార్డు. ఎదుట హ్యూస్టన్ పిచర్ జె.ఆర్. రిచర్డ్. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, అతని బంతిని చూస్తేనే బ్యాటర్లకి టెన్షన్. బేకర్ కొట్టాడు. బేసులన్నీ చుట్టి హోమ్ ప్లేట్ దగ్గరికొచ్చేసరికి, తర్వాత బ్యాటింగ్‌కి దిగాల్సిన బర్క్ అక్కడ నిలబడి కుడిచెయ్యి తల మీదికెత్తి, నడుం వెనక్కి వంచి ఎదురు చూస్తున్నాడు. బేకర్‌కి ఏం చేయాలో తెలియలేదు. ఎత్తిన చెయ్యి కనిపించింది, తానూ ఎత్తి కొట్టాడు. తర్వాత బర్క్ వెళ్లి తనూ ఓ హోమ్ రన్ కొట్టాడు, మేజర్ లీగ్‌లో అతనికదే మొదటిది. వెనక్కొచ్చినప్పుడు బేకర్ చెయ్యెత్తి బాకీ తీర్చేశాడు. హై ఫైవ్ పుట్టింది అక్కడే అని చాలామంది నమ్మకం. కాదు, మాదే ముందు అని లూయివిల్ బాస్కెట్‌బాల్ వాళ్లూ అంటారు. ఆ తగాదా నాకొద్దు. మన గల్లీ క్రికెట్లో వికెట్ పడ్డప్పుడు కొట్టుకునే ఆ చప్పట్టు వెనక కథ తెలిస్తే చాలు.

ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో సెంటర్ ఫీల్డ్‌లో బర్క్ ఉన్నాడు. జట్టులో చాలామందికి అతని సంగతి తెలుసు. క్లబ్ ఆఫీసుకీ తెలిసింది. జనరల్ మేనేజర్ ఆల్ కంపానిస్ బర్క్‌ని పిలిచి, నువ్వు పెళ్లి చేసుకో, హనీమూన్ ఖర్చు క్లబ్ పెట్టుకుంటుంది అన్నాడట. మొత్తం 75,000 డాలర్లు. లీగ్‌లో కనీస జీతం ఏడాదికి సుమారు 20,000 డాలర్లున్న రోజులవి. ఎవరితో, ఆడమనిషితోనా, అని బర్క్ అడిగాడట. ఈ సంగతి బర్క్ తర్వాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు డాడ్జర్స్ ఆఫీసు కాదు, మా పెద్దమ్మ వాళ్ల వసారా కళ్ల ముందుకొచ్చింది. మా వైపు ఏ కుర్రాడి గురించి ఏ బెంగ పెట్టుకున్నా పెద్దవాళ్ల దగ్గర ఉండే మందు ఒకటే: "ఓ సంబంధం చూసి ముడిపెట్టేయండి, వాడే దారిలో పడతాడు." తాగినా అదే మందు, ఉద్యోగం చేయకపోయినా అదే మందు, ఆడపిల్లల వైపు కన్నెత్తి చూడకపోయినా అదే మందు. ఆ ముడి వల్ల ఆ అమ్మాయి బతుకేమవుతుందన్నది వసారాలో ఎవరూ అడగరు. కంపానిస్ అడిగి ఉంటాడా? కోట్ల వ్యాపారం చేసే అమెరికన్ క్లబ్బూ మా పెద్దమ్మా ఒకే చోటికి చేరుకోవడం చూస్తే వింతగా ఉంటుంది. కాకపోతే ఇక్కడ క్లబ్బే ఎదురు కట్నం ఇస్తానంది.

బర్క్ ఆ బేరానికి ఒప్పుకోలేదు. పైగా మేనేజర్ టామీ లసోర్డా కొడుకుతో స్నేహం చేశాడు. ఆ అబ్బాయీ గే అన్నది లాస్ ఏంజెలెస్‌లో చాలామందికి తెలిసిన సంగతే, తండ్రి మాత్రం చివరిదాకా కాదనే అన్నాడు. 1978 మే నెలలో డాడ్జర్స్ బర్క్‌ని ఓక్లండ్ ఏస్‌కి ఇచ్చేసి, బదులుగా బిల్ నార్త్‌ని తెచ్చుకున్నారు. డాడ్జర్స్ లాకర్ రూమ్‌లో కొందరు ఏడ్చారు. ఎందుకిలా చేశారని జట్టు ట్రైనర్‌ని అడిగితే, వీళ్లకి జట్టులో గేలు ఉండటం ఇష్టం లేదని చెప్పాడని బేకర్ చాలా ఏళ్ల తర్వాత గుర్తు చేసుకున్నాడు.

ఇప్పుడు ఇదే ట్రేడ్‌ని కాగితం మీద చూడండి. బిల్ నార్త్ అమెరికన్ లీగ్‌లో రెండుసార్లు అత్యధికంగా బేసులు దొంగిలించినవాడు (అంటే హిట్ కోసం ఆగకుండా పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం), 1974లోనూ 1976లోనూ. అనుభవమున్నవాడు, వరల్డ్ సిరీస్‌లు గెలిచిన జట్టులో ఆడినవాడు. గెలవాలనుకునే జట్టు అలాంటివాణ్ని తెచ్చుకుంటే తప్పేముంది? ఆ ఏడాది డాడ్జర్స్ నేషనల్ లీగ్ గెలిచారు కూడా. బర్క్ యావరేజ్ ఎప్పుడూ గొప్పగా లేదు. కెరీర్ మొత్తానికి .237, అంటే వెయ్యిసార్లు దిగితే 237 హిట్లు. 225 మ్యాచ్‌లు, 2 హోమ్ రన్‌లు, 35 దొంగిలించిన బేసులు. ఏ కోర్టులో నిలబెట్టినా క్లబ్ గెలుస్తుంది. నార్త్ బర్క్ కన్నా నాలుగేళ్లు పెద్ద అని, అప్పటికి బర్క్‌కి పాతికేళ్లేనని, అంత వేగమున్న కుర్రాడికి మామూలుగా ఇంకో రెండేళ్లు ఇచ్చి చూస్తారని మనం వాదించొచ్చు. వాదనగానే మిగులుతుంది. రుజువు ఎక్కడా ఉండదు.

నేను చెబుతున్న చాటు ఇదే. బేస్‌బాల్ అంటేనే ఫెయిల్ అయ్యేవాళ్ల ఆట. పదిసార్లలో ఏడుసార్లు అవుటైనవాణ్ని గొప్పవాడంటారు. ఏడాదికి 162 మ్యాచ్‌లు. వాటిలో ఏ రెండు వారాలు తీసుకున్నా సగం మంది ఆటగాళ్లని తీసేయడానికి సరిపడా అంకెలు దొరుకుతాయి. పైన మేజర్ లీగ్, కింద మెట్లుమెట్లుగా మైనర్ లీగులు. మేనేజర్ గదిలోకి పిలిచి, కింది లీగ్‌కి వెళ్లాలి అంటే సాయంత్రానికి బ్యాగు సర్దుకోవాల్సిందే. ఇచ్చేయొచ్చు, కిందికి తోయొచ్చు, వదిలేయొచ్చు. కారణం ఎవరూ అడగరు, అడిగినా అంకెలు చూపిస్తే సరిపోతుంది. ఒక మనిషిని ఇష్టం లేక తీసేశారా, ఆట లేక తీసేశారా అన్నది తీసేసినవాడికి కూడా ఒక్కోసారి తెలియదేమో.

ఇంకో సంగతి కూడా ఉంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి పిచర్ చేతి నుంచి బ్యాటర్ దగ్గరికి చేరడానికి పట్టేది సెకనులో పది వంతుల్లో నాలుగు వంతులు. రాత్రి ఎక్కడికి వెళ్లావు, ఫోన్ ఎవరిది, హోటల్ గదిలో పక్క మంచం మీద పడుకున్నవాడికి ఏం చెప్పాలి అని బుర్రలో తిరుగుతున్నవాడు ఆ నాలుగు వంతుల్లో ఏం చూడగలడు? ఆ బరువు లేకుండా ఆడి ఉంటే బర్క్ యావరేజ్ ఎంతుండేదో ఎవరూ లెక్క కట్టలేరు. కానీ ఆ బరువుతో వచ్చిన అంకెనే తెచ్చి, ఇదిగో ఇతనిలో సరుకు లేదు అని చూపిస్తారు.

ఓక్లండ్‌లో అతని కథ త్వరగా ముగిసింది. 1980లో బిల్లీ మార్టిన్ కొత్త మేనేజర్‌గా వచ్చి, కొత్తవాళ్లకి జట్టుని పరిచయం చేస్తూ, బర్క్ వంతు వచ్చేసరికి ఇక్కడ రాయలేని తిట్టుతో పరిచయం చేశాడని ఆ గదిలో ఉన్న ఆటగాళ్లు తర్వాత చెప్పారు. ఆ తర్వాత బర్క్ మోకాలికి దెబ్బ తగిలింది, యూటాలోని ఆగ్డెన్‌కి, అంటే మైనర్ లీగ్‌కి పంపారు. ఆ ఏడాదే 27 ఏళ్లకి ఆట వదిలేశాడు.

1982లో ఓ స్పోర్ట్స్ పత్రికలో అతని కథ పేరుతో సహా వచ్చింది. ఎన్‌బీసీ ఉదయపు కార్యక్రమంలో కూర్చుని దేశమంతా వినేలా చెప్పాడు. ఇంతకంటే బాహాటంగా ఎవరు చెప్పగలరు? దేశం విననట్టు ఊరుకుంది. పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. అందుకే 2013లో బాస్కెట్‌బాల్ ఆటగాడు జేసన్ కాలిన్స్ తాను గేనని రాసినప్పుడు, ఆడుతూ ఉండగా చెప్పిన మొదటివాడంటూ అందరూ కొత్తగా ఆశ్చర్యపోయారు. బర్క్ సంగతి ఆడే రోజుల్లోనే తోటివాళ్లకి తెలుసు, వినేవాళ్లే చెవులు మూసుకున్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో గేలు ఎక్కువగా ఉండే కాస్ట్రో పేటలో మాత్రం అతను హీరో. గే సాఫ్ట్‌బాల్ లీగ్‌లో ఆడాడు, గే గేమ్స్‌లో పరుగు పందేల్లో పతకాలు తెచ్చుకున్నాడు, అక్కడి వీధుల్లో హై ఫైవ్ పలకరింపు అయిపోయింది. 1987లో కారు గుద్ది కాలు నుజ్జయింది. అప్పటికే డ్రగ్స్ పట్టుకున్నాయి. జైలు, ఆ తర్వాత అదే కాస్ట్రో వీధుల్లో ఇల్లు లేని బతుకు. 1994 జూలై 31న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఎయిడ్స్ బాధితుల కోసం ఓ మ్యాచ్ అంకితం చేశారు, అమెరికా ప్రొఫెషనల్ క్రీడల్లో అలాంటిది అదే మొదలు. నిజంగా మంచి పని. అదే సమయానికి బే అవతలి ఒడ్డున ఎయిడ్స్‌తో ఓ మాజీ మేజర్ లీగ్ ఆటగాడు తోబుట్టువు ఇంట్లో మంచం పట్టి ఉన్నాడు. ఏస్ క్లబ్ సంగతి తెలిసి చివర్లో డబ్బు సాయం చేసింది. 1995 మే 30న బర్క్ పోయాడు, 42 ఏళ్లకి.

బర్క్ పోయిన ఏడాదే ఆట వదిలేసిన ఇంకొకడు బిల్లీ బీన్. (ఒకప్పటి ఏస్ జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ వేరు, ఈయన వేరు. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా, పలికితే అదీ లేదు. ఈ గందరగోళం ఇద్దరినీ వదల్లేదు.) 1987లో డెట్రాయిట్ టైగర్స్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే నాలుగు హిట్లు కొట్టి రికార్డు సమం చేసినవాడు. తర్వాత పైకీ కిందికీ తిరగడమే పనైంది. డాడ్జర్స్‌లో అదే లసోర్డా కింద కొన్నాళ్లు, జపాన్‌లో ఓ సీజన్, తర్వాత శాన్ డియాగో. 1995లో అతనితో కలిసి బతుకుతున్న మనిషి ఎయిడ్స్ సంబంధిత అనారోగ్యంతో చనిపోతే, మ్యాచ్ ఉందని అంత్యక్రియలకి వెళ్లలేదు. వెళ్లాలంటే సెలవు అడగాలి. అడిగితే పోయింది ఎవరని అడుగుతారు. మనలో ఎవరికైనా ఇంట్లో మనిషి పోతే ఆఫీసు నుంచి వచ్చే మొదటి ఫోన్‌లోనే "మీరేం కంగారు పడకండి, వెళ్లి రండి" అంటారు. ఆ మాట వినే వీలు కూడా అతనికి లేకుండా పోయింది. 1999లో బయటికి చెప్పాడు. కెరీర్ 272 మ్యాచ్‌లు, యావరేజ్ .226. మళ్లీ అదే సమస్య: అంకెలు చూసినవాడు, ఇతను ఎలాగూ నిలబడేవాడు కాదులే, అంటాడు.

అంకెలతో పని లేని ఉద్యోగంలో ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. అంపైర్ డేవ్ పలోన్ 1979లో అంపైర్ల సమ్మె కాలంలో వచ్చాడు. సమ్మె విరిచాడని తోటి అంపైర్లే అతనితో మాట్లాడేవారు కాదు, అంటే వెనకేసుకొచ్చే సంఘం లేదు. 1988 ఏప్రిల్‌లో పీట్ రోజ్ అతన్ని నెట్టి 30 రోజుల సస్పెన్షన్ తెచ్చుకున్నాడు. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రంలో ఓ కేసులో పలోన్ పేరు పత్రికలకెక్కింది. అతని మీద ఏ అభియోగమూ నమోదు కాలేదు, ఉద్యోగం మాత్రం పోయింది. పాతికేళ్ల తర్వాత డేల్ స్కాట్. 1986 నుంచి మేజర్ లీగ్ అంపైర్, మూడు వరల్డ్ సిరీస్‌లు చేసినవాడు. 2014లో అంపైర్ల పత్రిక ఒకటి అతని మీద వ్యాసం వేస్తానంటే, ఇచ్చిన ఫోటోల్లో ఒకటి, ఆస్ట్రేలియాలో మ్యాచ్‌లకి వెళ్లినప్పుడు భర్తతో కలిసి దిగింది. కింద ఒక్క వాక్యం క్యాప్షన్. ఎవరూ పట్టించుకోలేదు. కొన్ని వారాలు గడిచాక ఓ వెబ్‌సైట్ చూసి అడిగితే, అవును అన్నాడు. లీగ్ ఏమీ అనలేదు. 2017 దాకా అంపైరింగ్ చేసి రిటైరయ్యాడు. స్కాట్ నిశ్చింతగా ఉండగలగడానికి కాలం మారడం ఒక కారణం. మూడు దశాబ్దాల సీనియారిటీ, వెనక సంఘం రెండో కారణం, నాకు ఇదే పెద్దదనిపిస్తుంది.

ఇక్కడ ఒక్కసారి మన వైపు చూడొచ్చు. 2019లో స్ప్రింటర్ ద్యుతీ చంద్ తాను ఓ అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. ఆమె ఒడిశా అమ్మాయే అయినా శిక్షణ కొంతకాలం హైదరాబాద్‌లో, గోపీచంద్ అకాడమీ నీడన జరిగింది. ఇంట్లోవాళ్ల నుంచి, ఊరి నుంచి పడరాని మాటలు పడింది. కానీ 100 మీటర్ల జాతీయ రికార్డు ఆమె పేరు మీద ఉంది, రికార్డుని కట్టేది స్టాప్‌వాచ్. గీత దాటిన క్షణానికి సెలెక్టర్ అభిప్రాయంతో పని లేదు. ఇన్ని కోట్ల మంది చూసే మన మగవాళ్ల క్రికెట్‌లో ఆమెలా చెప్పినవాడు ఒక్కడూ లేడు. క్రికెట్‌లో గడియారం ఉండదు, కమిటీ ఉంటుంది.

ఆడవాళ్ల బేస్‌బాల్ లీగ్ సంగతి ఇంకా విడ్డూరం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మగ ఆటగాళ్లు సైన్యంలోకి పోవడంతో 1943లో మొదలై 1954 దాకా నడిచింది. ఆడేది బేస్‌బాల్, వేసుకోవాల్సింది పొట్టి స్కర్టు. స్లైడ్ చేస్తే తొడలు చెక్కుకుపోయేవి. మొదట్లో ఆటగత్తెల్ని మర్యాదల బడికి పంపారు. లిప్‌స్టిక్ తప్పనిసరి, జుట్టు పొట్టిగా కత్తిరించకూడదు. అలా కత్తిరించుకుందని జట్టులోంచి పంపేసిన సందర్భమూ ఉంది. అంత కాపలా ఎందుకో చెప్పాల్సిన పనిలేదు. ఆ లీగ్‌లో క్యాచర్‌గా ఆడిన టెర్రీ డొనహ్యూ 1947లో పరిచయమైన స్నేహితురాలితో జీవితమంతా కలిసి బతికి, ఇంట్లోవాళ్లకి నిజం చెప్పేసరికి 2009 వచ్చింది. అదే లీగ్‌లో పిచర్ మేబెల్ బ్లెయిర్ తన సంగతి 2022లో చెప్పింది, 95వ ఏట.

మగవాళ్ల లీగ్‌లో బర్క్, బీన్ తర్వాత మూడో పేరు టి.జె. హౌస్. 2014లో క్లీవ్‌లాండ్‌కి పిచింగ్ చేసి 5 గెలిచి 3 ఓడిన ఎడమచేతి పిచర్. తర్వాత భుజం దెబ్బతింది. 2022 డిసెంబర్‌లో, ఆట అంతా అయిపోయాక, ఫేస్‌బుక్‌లో రాశాడు. మైనర్ లీగుల్లో ఇంకొందరున్నారు. 2015లో డేవిడ్ డెన్సన్, 2022లో సాలమన్ బేట్స్, 2023లో డొమినికన్ కుర్రాడు ఆండర్సన్ కోమాస్. బేట్స్ తనని జట్టు వదిలేసిన తర్వాతే బయట ప్రపంచానికి చెప్పాడు. జాబితాలో పేర్లు పెరుగుతూనే ఉన్నాయి. అందులో పెద్ద కాంట్రాక్టు ఉన్నవాడు ఒక్కడూ లేడు. కింద ఉన్నవాడు చెబితే ఊడిపోతుందని భయం, పైన ఉన్నవాడికి పోగొట్టుకోవడానికి చాలా ఉంది.

లీగ్ చేతులు ముడుచుకు కూర్చుందని అనను. 2011 ఒప్పందంలో లైంగిక అభిరుచిని బట్టి వివక్ష చూపకూడదన్న మాట చేర్చారు. 2014లో బిల్లీ బీన్‌నే పిలిచి పదవి ఇచ్చారు. 2024 ఆగస్టులో లుకేమియాతో 60 ఏళ్లకి పోయేదాకా అతను క్లబ్ క్లబ్‌కీ తిరిగాడు. 2015లో మెట్స్ శిబిరానికి వెళ్తే డేనియల్ మర్ఫీ అనే ఆటగాడు, మనిషితో నాకు పేచీ లేదు, అతని జీవనశైలితో మాత్రం ఏకీభవించను అన్నాడు. బీన్ కోపం తెచ్చుకోలేదు, మాట్లాడుతూ ఉందాం అన్నాడు. నాకైతే అంత ఓపిక లేదు. గే ప్రేక్షకులకి స్వాగతంగా జరిపే ప్రైడ్ నైట్‌లు ఇప్పుడు దాదాపు అన్ని స్టేడియంలలో జరుగుతాయి, టెక్సాస్ రేంజర్స్ మాత్రం పెట్టరు. ఏస్ తమ ప్రైడ్ నైట్‌కి 2021లో బర్క్ పేరు పెట్టారు, 2022లో డాడ్జర్స్ కూడా అతని కుటుంబాన్ని పిలిచి గౌరవించారు. అదే ఏడాది జూన్‌లో టాంపా బే రేస్ పిచర్లు ఐదుగురు ప్రైడ్ గుర్తైన ఇంద్రధనుస్సు లోగో పెట్టుకోబోమన్నారు. మరుసటి ఏడాది కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్, ఆటగాళ్లని ఇబ్బంది పెట్టకూడదని, మైదానంలో ఆ యూనిఫాంలు వద్దని క్లబ్బులకి చెప్పామన్నాడు. రంగులు గ్యాలరీ దాకా వచ్చాయి. టికెట్ కొన్నవాడికి స్వాగతం ఉంది. జీతానికి ఆడేవాడి సంగతి మాత్రం ఇప్పటికీ అతని తలనొప్పే.

అందుకే "బేస్‌బాల్‌కి ఓ గే జాకీ రాబిన్సన్ కావాలి" అన్న మాట వింటే నాకు చిరాకు. ఆ పోలికలో సగం కథ మింగేస్తారు. మేజర్ లీగ్‌లో నల్లవాళ్లకి దారి తెరిచిన రాబిన్సన్ 1947లో ఒంటరిగా తలుపు బద్దలు కొట్టుకుని రాలేదు. డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ ముందే వెతికి, 1945లో సంతకం చేయించి, ఏడాది మాంట్రియల్‌లో ఆడించి తెచ్చాడు. అతనితో ఆడబోమని కొందరు ఆటగాళ్లు పితూరీ రాయబోతే మేనేజర్ లియో డ్యురోషర్ అర్ధరాత్రి అందరినీ లేపి చీవాట్లు పెట్టాడు. రాబిన్సన్ ధైర్యం ఎంత గొప్పదో, క్లబ్ అతని వెనక నిలబడటం అంత అవసరం. సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత అదే క్లబ్ బర్క్‌కి చూపించింది హనీమూన్ కవరు. ఆ కవరు చూపించిన కంపానిస్ 1946లో మాంట్రియల్‌లో రాబిన్సన్ పక్కన ఆడినవాడే. కాబట్టి రాబిన్సన్ ఎక్కడ అని ఆటగాళ్ల వైపు వేలు చూపించేవాళ్లు, ముందు రికీ ఎక్కడ అని అడగాలి. "మీ జట్టులో గే ఉంటే ఒప్పుకుంటారా" అని పిల్లకాయల్లాంటి ఆటగాళ్లని ప్రతి ఏడాదీ అడిగే విలేకరులు, ఆ ప్రశ్న ఒక్క జనరల్ మేనేజర్‌ని అడిగి చూడాలి: అలాంటివాడు మీ దగ్గరికొచ్చి చెబితే అతనికి ఎన్నేళ్ల కాంట్రాక్టు ఇస్తారు?

అలా చేసిన ఆఫీసు ఒకటుంది, కాకపోతే చాలా చిన్నది. మా ఇంటి నుంచి ఉత్తరాన ద్రాక్షతోటల మధ్య సోనోమా అనే ఊళ్లో స్టాంపర్స్ అని ఓ స్వతంత్ర లీగ్ జట్టుండేది. 2015లో అంకెల పిచ్చి ఉన్న ఇద్దరు రచయితలకి జట్టు ఎంపిక అప్పగించారు. కాలేజీ ఆటగాళ్ల గణాంకాలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పోసి, ఏ స్కౌటూ పట్టించుకోని పేర్లు ఏరుకున్నారు. అందులో పైన తేలినవాడు షాన్ కాన్రాయ్, చెయ్యి పక్కకి వంచి విసిరే పిచర్. అంకెలు ఈసారి మనిషిని లోపలికి తెచ్చాయి. అతను జట్టుకి తన సంగతి చెప్పాడు. బయటికీ చెప్పడానికి అభ్యంతరం ఉందా అని క్లబ్ అతన్నే అడిగింది. లేదన్నాడు. జూన్ 25న ప్రైడ్ నైట్, వల్లేహో అడ్మిరల్స్‌తో మ్యాచ్, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా అతనే. 11 స్ట్రైకవుట్లు, జట్టు 7-0తో గెలిచింది.

ఆ సీజన్‌లో కాన్రాయ్ విషయంలో ఆఫీసుకీ మేనేజర్‌కీ మధ్య పెద్ద గొడవే నడిచింది. ఇలాంటి పిచర్‌ని మ్యాచ్ చేజారిపోతున్నప్పుడు ఏడో ఇన్నింగ్స్‌లోనైనా దింపాలని ఆఫీసు, కాదు, ఆనవాయితీ ప్రకారం చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కే దాచాలని మేనేజర్. చాలా రోజులు అదే తగువు.